గుప్పెడు తడికి రెండు గుప్పిళ్ల ఎండాకు



ఫాల్గుణం వచ్చిందంటే పల్నాడులో వేపచెట్లు ఆకు దులుపుతాయి. గురజాల వీధుల్లో తెల్లవారుజామున ముందు చీపురు చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి పొగ లేస్తుంది. ఊడ్చిన ఆకును గోడవారగా పోగు చేసి, ఒక అగ్గిపుల్ల గీసి, ఇల్లాలు లోపలికి వెళ్లిపోతుంది. పోగులో పచ్చి రెమ్మలు కూడా ఉంటాయి కాబట్టి అది భగ్గున మండదు. గంటసేపు రగులుతూనే ఉంటుంది. ఎదురింట్లో ఆయాసంతో మంచం పట్టిన పెద్దాయన కిటికీ తలుపు దగ్గరికి లాక్కుంటాడు.

అదే ఇంటి పెరట్లో ఇంకో సంగతి ఉంది. మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్టు. అందులో నిన్నటి గోంగూర కాడలు, వంకాయ తొడిమలు, వడగట్టిన టీ పొడి, పిల్లాడు వదిలేసిన అన్నం. మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సిందే. అడుగున నల్లటి నీరు ఊరి ఉంటుంది. చుట్టూ దోమలు.

ముందు వాకిట్లో పొగ. వెనక పెరట్లో కంపు. ఒకే ఇంట్లో రెండు బాధలు. ఒకదానికి మందు రెండోదాని దగ్గరే ఉంది. తగలబెట్టే ఆ ఎండాకును తెచ్చి ఈ తడి చెత్త మీద కప్పితే పొగా ఉండదు, కంపూ ఉండదు. ఎంత కప్పాలి? గుప్పెడు తడికి రెండు గుప్పిళ్ల ఎండాకు. ఈ ప్రసంగంలో చెప్పే మాట ఇదొక్కటే. వింటూ వింటూ మధ్యలో లేచి వెళ్లాల్సి వచ్చినా ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. గుప్పెడు తడికి రెండు గుప్పిళ్ల ఎండాకు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. గురజాల ఇప్పుడు గ్రామ పంచాయతీ కాదు. 2020లో నగర పంచాయతీ అయింది. అంటే పట్టణాలకు వర్తించే చెత్త నియమాలన్నీ ఈ ఊరి ఇళ్లకూ వర్తిస్తాయి. 2016 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. పేరు బరువుగా ఉంది కానీ, ఇంటివాళ్ల గురించి అందులో ఉన్న మాటలు తేలికగానే అర్థమవుతాయి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఎవరింట్లో వాళ్లే వేరు చేసుకోవాలి. కలిపి ఇవ్వకూడదు. చెత్తను వీధిలోగానీ కాలవలోగానీ చెరువులోగానీ వేయకూడదు. తన ఆవరణ దాటి బయట తగలబెట్టకూడదు, పాతిపెట్టకూడదు.

పెరటి చెత్త గురించి కూడా అందులో ప్రత్యేకంగా ఒక మాట ఉంది. అది చాలామందికి తెలియదు. చెట్ల ఆకులు, కొట్టిన కొమ్మలు, తోటలో పీకిన గడ్డి, వీటిని ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా నిల్వ ఉంచుకోవాలి. ఆ తర్వాత పట్టణ సంస్థ చెప్పిన పద్ధతిలో వదిలించుకోవాలి. వంటింటి చెత్తతో కలపకూడదు, రోడ్డు మీదికి తోయకూడదు. ఇంట్లోనే ఎరువు చేసుకునేలా జనాన్ని ప్రోత్సహించే బాధ్యతను కూడా ఆ నియమాలు పట్టణ సంస్థల మీదే పెట్టాయి. అంటే పెరట్లో ఎరువు చేసుకునేవాళ్లు చట్టం కోరిన పనే చేస్తున్నారన్నమాట. ఎవరి దగ్గరా సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఆ 2016 నియమాల స్థానంలో ఇప్పుడు కొత్తవి వచ్చాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. వీటిలో మూడు రకాలు నాలుగయ్యాయి. తడి, పొడి, శానిటరీ, ఇంకా ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. శానిటరీ అంటే డైపర్లు, ప్యాడ్ల వంటివి. ప్రత్యేక జాగ్రత్త అంటే బల్బులు, మందులు, రంగు డబ్బాల వంటివి. తడి చెత్త దారి మాత్రం మారలేదు. అది ఎరువు కావాలి, లేదా గ్యాస్ కావాలి.

తగలబెట్టడం సంగతి ఇంకా గట్టిది. 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని తీర్పులో రాసింది. అల్మిత్రా పటేల్ అనే పెద్దావిడ ఏళ్ల తరబడి నడిపిన కేసు అది. ఆకు పోగుకి నిప్పు పెట్టడం కూడా చెత్త తగలబెట్టడమే.

ఇంకొక సందేహం ఈ మధ్య వినిపిస్తోంది. చెత్త పన్ను తీసేశారు కదా, ఇక వేరు చేయడం ఎందుకు అని. 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమంలో ఇళ్లకు పచ్చ, నీలం, ఎరుపు బుట్టలు వచ్చాయి. దాంతోపాటే చెత్తకు రుసుమూ వచ్చింది. 2024లో ప్రభుత్వం ఆ పన్ను రద్దు చేసింది. రద్దయింది పన్ను. వేరు చేయాల్సిన బాధ్యత రద్దు కాలేదు. 2025 జనవరి నుంచి నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ ఏడాది సెప్టెంబరులో దానికోసం ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మన పక్కనున్న మాచర్లకే వచ్చారు.

చట్టం మాట అక్కడ ఉంచి, ఇక పెరట్లోకి వెళదాం.

తడి చెత్త ఎందుకు కంపు కొడుతుంది? గాలి ఆడక. కాయగూరల తొక్కల్లో నీరెక్కువ. బకెట్టులో ఒకదాని మీద ఒకటి పడి అణిగిపోతాయి. మధ్యలో గాలి ఉండదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడ చేరతాయి. అవి చెత్తను కుళ్లబెడతాయి. ఎండాకు వేస్తే ఏమవుతుంది? ఆకులు గలగలా ఉంటాయి. వాటి మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో గాలి నిలుస్తుంది. ఎక్కువైన నీటిని ఆకు పీల్చుకుంటుంది. అప్పుడు గాలితో బతికే సూక్ష్మజీవులు పని అందుకుంటాయి. అవి కుళ్లబెట్టవు, మాగబెడతాయి. పొయ్యిలో కట్టెలు ఎత్తిపెట్టి గాలి ఆడనిస్తే మంట, అణిచిపెడితే పొగ. ఇదీ అంతే.

ఇందులో తిండి లెక్క కూడా ఉంది. ఆ సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం కావాలి. వంటింటి చెత్తలో కర్బనం అంత ఉండదు. 15 పాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఎండాకులో 50 పాళ్లు దాటుతుంది. రెండూ కలిస్తే లెక్క కుదురుతుంది. అన్నంలోకి పప్పు ఎంత కలుపుకోవాలో ఎవరూ తూచి చూడరు కదా, చేతికే తెలుస్తుంది. ఇక్కడా అంతే. గుప్పెడు తడికి రెండు గుప్పిళ్ల ఎండాకు.

ఇది మనవాళ్లకు తెలియని విద్యేం కాదు. పెరట్లో పేడ, కసువు, పశువులు తినగా మిగిలిన చొప్ప ఒక్కచోట వేసి దిబ్బ పెంచింది మన తాతలే. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేశాడు. పంట వ్యర్థాలను, పేడను, పశువుల మూత్రంతో తడిసిన మట్టిని పొరలు పొరలుగా పేర్చి, మధ్య మధ్య తిరగేసి ఎరువు చేసే పద్ధతిని అక్కడే స్థిరపరిచాడు. ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. ఈ దేశపు రైతుల దగ్గర చాలా నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. గొడ్లు తగ్గాక దిబ్బలు పోయాయి. దిబ్బ పోయినా చెత్త పోలేదు. అదిప్పుడు ఊరి బయట గుట్టగా పెరుగుతోంది.

నలుగురున్న ఇల్లు ఒకటి అనుకుందాం. చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వస్తుందని కేంద్రం తయారుచేసిన మాన్యువల్ లెక్క కట్టింది. నలుగురికీ కలిపి కిలో అటూ ఇటూ. అందులో ఇంచుమించు సగం తడి చెత్త. అంటే రోజుకు అర కిలో. చిన్న గిన్నెడు. ఆ గిన్నెడు ఇంట్లోనే ఆగిపోతే, బండికి వెళ్లేది పొడి చెత్తే. అది కుళ్లదు కాబట్టి రోజూ ఇవ్వాల్సిన తొందర కూడా ఉండదు.

దీనికి సామాను కొనక్కర్లేదు. పల్నాడులో నాపరాయికి కొదవ లేదు. ఇల్లు కట్టగా మిగిలిన ముక్కలు ఏ గోడ పక్కనో పడే ఉంటాయి. పెరటి మూల, చెట్టు నీడన, మూడు నాపరాళ్లు నిలబెట్టండి. నాలుగోవైపు వదిలేయండి. రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, గాలి కోసం. అడుగున గచ్చు వద్దు, నేల ఉండాలి. పెరడు లేనివాళ్లు పాత గోలెంగానీ రంగు బకెట్టుగానీ తీసుకుని, అడుగునా పక్కలా చిల్లులు పెట్టి డాబా మీద నీడలో పెట్టుకోవచ్చు. రంగు బకెట్టయితే రంగు పూర్తిగా గీకి, కడిగి వాడాలి. ఇలాంటివి రెండు ఉంటే మంచిది. ఒకటి నిండుతుంటే ఇంకోటి మాగుతుంది.

అడుగున జానెడు మందాన పుల్లలు, ముదురు ఆకులు వేస్తారు. దాని మీద మొదటిరోజు తడి చెత్త. దాని మీద ఎండాకు. ఇక్కడ తోడు కావాలి. పాలు తోడుపెట్టడానికి నిన్నటి పెరుగు చుక్క వేస్తాం కదా, అలాగే ఇక్కడ గుప్పెడు పాత ఎరువు, అది లేకపోతే పేడ నీళ్లు, అదీ లేకపోతే పుల్లమజ్జిగ చల్లాలి. ఆ తోడుతోనే పని మొదలవుతుంది. తర్వాత రోజూ అంతే. తడి వేయడం, ఆకు కప్పడం. తడి చెత్త పైకి కనిపించకూడదు. కనిపించిందంటే ఈగ వచ్చినట్టే. వారానికి ఒకసారి కర్రతో కిందా మీదా కలియబెట్టాలి.

కొత్త కోడలు మొదలుపెడితే అత్తగారికి మొదటి వారం నచ్చకపోవచ్చు. "పెరట్లో పెంట ఏంటమ్మాయ్, పురుగూ పుట్రా చేరతాయి" అంటుంది. "వాసనొస్తే మీరే తీసి పారెయ్యండత్తయ్యా" అని కోడలు అనగలిగితే సగం పని అయినట్టే. పక్కింటావిడ "ఏం వదినా, ఏదో వాసన" అని అడిగిందంటే కారణం ఒకటే ఉంటుంది. ఆకు తక్కువైంది. ఇంకో నాలుగు గుప్పిళ్లు వేసి కలియబెడితే మర్నాటికి తగ్గుతుంది. మన ఆవరణలో మనం చేసుకునే పనే అయినా పక్కింటికి ఇబ్బంది కాకూడదు. అందుకే కుప్పను ఉమ్మడి గోడకూ బావికీ దూరంగా పెట్టాలి.

వేపాకు రాలేది ఏడాదిలో కొన్ని వారాలే. వంటింటి చెత్త వచ్చేది 365 రోజులూ. మరి ఆకు ఎక్కణ్నుంచి తేవాలి? దాచుకోవాలి. మిరపకాయలు పోసిన పాత గోతాలు ఈ ఊళ్లో దొరకని ఇల్లుండదు. ఫాల్గుణంలో ఊడ్చిన ఆకును ఎండగానే కాళ్లతో తొక్కి, నలిపి, గోతాల్లో కుక్కి, వసారాలో పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. పెరటి చెత్తను మీ ఆవరణలోనే విడిగా నిల్వ ఉంచుకోండి అని చట్టం చెప్పింది చూశారా, ఆ మాట ఈ గోతంతోనే నెరవేరిపోతుంది. వేపాకు ఒక్కటే అయితే మాగడానికి కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది. చింతాకు, కానుగాకు, వేరుశనగ పొట్టు ఏది దొరికితే అది కలిపితే మంచిది. మిరపకాయల తొడిమలు తీసే ఇళ్లలో తొడిమల రాశి మిగులుతుంది. అదీ పనికొస్తుంది. మామిడాకు మందం, దాన్ని చింపి వేయాలి. కొబ్బరి మట్టలు, పత్తికట్టె ఈ చిన్న కుప్పలో మాగవు. వాటిని కలపొద్దు.

ఇప్పుడు పల్నాడుకే ప్రత్యేకమైన సంగతి. వేసవిలో రేడియో వార్తలు వింటే రెంటచింతల, జంగమహేశ్వరపురం పేర్లు వినిపిస్తూనే ఉంటాయి. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువ అంటే ఈ చుట్టుపక్కలే. వాన ఎక్కువ పడే ఊళ్లలో ఎరువు కుప్పకు వచ్చే జబ్బు కంపు. మన ఊళ్లో వేసవిలో వచ్చే జబ్బు ఎండిపోవడం. 45 డిగ్రీల ఎండలో డాబా మీద పెట్టిన బకెట్టు నాలుగు రోజుల్లో బీటలు వారిన చేనులా అవుతుంది. సూక్ష్మజీవులకు నీరు లేక పని ఆగిపోతుంది. నెల తర్వాత చూస్తే వేసిన తొక్క వేసినట్టే ఉంటుంది. ఎరువు కావడం లేదని చాలామంది మానేసేది ఇక్కడే. తప్పు చెత్తలో లేదు, నీడ లేకపోవడంలో ఉంది. చెట్టు కిందికి మార్చి, పైన తడి గోనెపట్టా కప్పి, బియ్యం కడిగిన నీళ్లు చిలకరిస్తే చాలు. మంచినీళ్లు పోయనక్కర్లేదు.

తేమ సరిపోయిందో లేదో చేతితోనే తెలుసుకోవచ్చు. కుప్ప మధ్యలోంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందున తేమ మెరవాలి. చుక్క కారకూడదు. కారితే ఆకు వేయండి. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లండి. కుప్ప పనిచేస్తోందా లేదా చూడాలంటే ఒక ఇనప చువ్వ లోపలికి గుచ్చి, పది నిమిషాలుంచి తీసి పట్టుకోండి. వెచ్చగా తగలాలి. పెద్ద కుప్పలయితే లోపల 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు గింజలు, ఈగ గుడ్లు చస్తాయి. ఇంటి కుప్ప చిన్నది, అంత కాగదు. అందుకే గింజలు పట్టిన కలుపు మొక్కలు ఇందులో వేయకపోవడమే నయం.

వేయకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఎముకలు, చేపల పొట్టు వేస్తే కుక్కలు, పందికొక్కులు వస్తాయి. ఆవకాయ జాడీ అడుగున మిగిలిన పిండి వేస్తే అందులోని ఉప్పూ నూనే చెరుపు చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. పత్తి, మిరప పండించే ఈ ప్రాంతంలో పురుగుమందు డబ్బా ఉండని ఇల్లు అరుదు. ఖాళీ డబ్బాగానీ మందు పొట్లంగానీ మందు తుడిచిన గుడ్డగానీ ఎరువు కుప్ప ఛాయలకు రాకూడదు. 2016 నియమాలు దాన్ని ప్రమాదకరమైన చెత్తలో లెక్కేశాయి. అది విడిగా, మూటగా బండికి ఇవ్వాలి. ఎరువు వేసిన మొక్క కాయే పిల్లలు తినేది.

పెద్దవాళ్లు ఒక మాట అంటారు. ఆకు తగలబెట్టినా బూడిద మిగులుతుందిగా, అదీ ఎరువేగా అని. కొంత నిజమే. బూడిదలో పొటాష్ ఉంటుంది. కానీ నత్రజని పొగతో వెళ్లిపోతుంది. నేలకు కండ పట్టించే కర్బనమూ వెళ్లిపోతుంది. మిగిలేదాంట్లో సున్నం పాలు ఎక్కువ. పల్నాడు నేల సున్నపురాయి మీద ఉన్న నేల. దానికి సున్నం కొరత లేదు. కొరతగా ఉన్నది కర్బనం. అదే మాగిన ఆకులో ఉంది.

పెళ్లిళ్లు, కర్మకాండల భోజనాల సంగతి కూడా చెప్పుకోవాలి. లైసెన్సు లేని చోట 100 మందికి పైగా జనం చేరే కార్యానికి కనీసం మూడు పనిదినాల ముందు పట్టణ సంస్థకు తెలియజేయాలని 2016 నియమాలు చెప్పాయి. చెత్తను అక్కడే వేరుచేసి అప్పగించాలి. అరిటాకులు, మోదుగ విస్తళ్లు అయితే ఎరువవుతాయి. ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పళ్లేలు కావు. విస్తరి ఎంచుకునేటప్పుడే ఆ భోజనం చెత్త ఎక్కడికి పోతుందో తేలిపోతుంది.

కృష్ణ దాటితే సూర్యాపేట ఎంతో దూరం కాదు. 2003 ప్రాంతంలో అక్కడి మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధుల్లో చెత్తకుండీలు ఎత్తేయించారు. ఇంటింటి దగ్గర తడి వేరు, పొడి వేరు తీసుకున్నారు. తడితో వానపాముల ఎరువు చేయించారు, పొడిని అమ్మించారు. దేశం నలుమూలల నుంచీ చూడటానికి వచ్చారు. అక్కడ పెద్ద యంత్రాలేం లేవు. రోజూ వీధికి వచ్చిన బండి ఉంది, చెత్త వేరుచేసి ఇచ్చిన ఇల్లాళ్లు ఉన్నారు. పారిశుద్ధ్య కార్మికురాలు మన వీధిలో చేత్తో కెలికి తొక్కలు ఒకవైపు, కవర్లు ఒకవైపు తీస్తుంటే చూసినవాళ్లకు తెలుస్తుంది, ఇంట్లో పది సెకన్ల పని బయట ఎంత బాధ అవుతుందో.

మీ వీధిలో కొట్టిన కొమ్మలు ఎక్కడ వేయాలి, బండి ఏ రోజు తీసుకెళుతుంది, ఇలాంటివి తెలియకపోతే వార్డు కార్యాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శి ఉంటారు. వెళ్లి అడగండి. అడిగేవాళ్లుంటే చెప్పేవాళ్లకూ పట్టింపు వస్తుంది.

రెండు మూడు నెలలకు నాపరాళ్ల మధ్య కుప్ప మూడోవంతుకు దిగిపోతుంది. ఆ రోజు ఇసక జల్లెడ తెచ్చి జల్లించండి. కిందికి రాలేది నల్లగా, టీ పొడిలా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాన పడ్డ నేల వాసన. కరివేపాకు మొదట్లో, మల్లె పాదులో దోసెడు వేసి మట్టి కప్పండి. జల్లెడ పైన కొన్ని పుల్లలు, సగం మాగిన ఆకులు, ఎప్పుడో పొరపాటున పడ్డ ఒక చెంచా మిగులుతాయి. చెంచా కడిగి వంటింట్లో ఇచ్చేయండి. పుల్లలూ ఆకులూ రెండో కుప్ప అడుగున వేయండి, కొత్తదానికి అవే తోడు. వాటి మీద ఆ రోజు గోంగూర కాడలు ఒక గుప్పెడు, గోతంలోంచి ఎండాకు రెండు గుప్పిళ్లు.